పడ్డ గడి నుంచే

“ఇయ్యాల ఎన్నిసార్లు సచ్చినవ్ బిడ్డా?”

సాయంత్రం టీ గ్లాసు నా పక్కన పెడుతూ మా అమ్మ అడిగే ప్రశ్న ఇది. కింది పోర్షన్లో అద్దెకుండే ఆవిడ ఒకసారి ఈ మాట విని కంగారుగా పైకొచ్చింది. చిల్కానగర్‌లో మా ఇళ్ళ మధ్య గోడలున్నాయన్న పేరే గాని మాటలకు అడ్డేమీ ఉండదు. నేను ఆటలోని డైరీ తెరిచి, ఇవాళ్టి అంకెలోంచి నిన్నటి అంకె తీసేసి చెబుతాను: “నూట ముప్ఫై ఏడు.” “గంతేనా? నిన్న రెండు నూర్లు దాటినయి గద” అంటుంది అమ్మ. ఆమె లెక్కలో అది వెనకబాటు.

నేను చెబుతున్నది ఒక వీడియో గేమ్ గురించి. దాని పేరు ‘సెలెస్ట్’. స్త్రీల పత్రికలో దీని గురించి వ్యాసమేమిటని కొందరికి అనిపించవచ్చు. నాకూ అనిపించింది. ముప్ఫై అయిదేళ్ళ మనిషిని. తెలుగు స్త్రీల ఆత్మకథల మీద ఎనిమిదేళ్ళు పనిచేసి 2024లో సిద్ధాంత గ్రంథం సమర్పించాను. ఒక డిగ్రీ కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెబుతాను. అలాంటిదాన్ని రోజుకో గంట ఒక ఎర్రజుట్టు బొమ్మను గోడల మీదికి గెంతిస్తూ కూర్చుంటున్నానని చెప్పుకోవడానికి చాలా రోజులు సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు ఎక్కడి నుంచి వచ్చిందా అని ఆలోచించడం మొదలుపెట్టాకే ఇది రాయాలనిపించింది.

మా తమ్ముడు అమెరికా వెళ్తూ తన పాత లాప్‌టాప్, ఒక కంట్రోలర్ ఇంట్లో వదిలేసి వెళ్ళాడు. లాప్‌టాప్ నాకు కావాలి. కంట్రోలర్ ఆరు నెలలు అల్మారాలో పడి ఉంది. సిద్ధాంత గ్రంథం ఇచ్చేశాక వచ్చిన వానాకాలంలో, ఏం చదవబోయినా కళ్ళు పేజీ మీద నిలవని రోజుల్లో, ఒక మధ్యాహ్నం దాన్ని తీసి కేబుల్ గుచ్చాను. మొదటి అరగంటలో నలభై సార్లు పైగా చచ్చాను. అప్పటికింకా పరిచయ పాఠం లాంటి భాగమే దాటలేదు.

తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. తెరమీద గట్లు, గోతులు, ముళ్ళు ఉంటాయి. ఒక గట్టు మీంచి ఇంకో గట్టు మీదికి గెంతుతూ పోవాలి. ఇలాంటివాటిని ప్లాట్‌ఫామ్ గేమ్స్ అంటారు. మన తరంలో అందరికీ తెలిసినది 1985 నాటి ‘సూపర్ మారియో’. ‘సెలెస్ట్’ను మాడీ థోర్సన్, నోయెల్ బెరీ 2015లో నాలుగు రోజుల్లో ఒక చిన్న ఆటగా తయారుచేశారు. దాన్ని పెంచి, మరికొందరితో కలిసి 2018 జనవరిలో పూర్తి ఆటగా విడుదల చేశారు. మారియో ఎత్తుకుపోబడ్డ రాకుమారిని విడిపించాలి. ఇక్కడ రాకుమారి లేదు. మాడెలిన్ అనే యువతి ఒక కొండ ఎక్కాలనుకుంటుంది, అంతే. ఎందుకని అడిగితే ఆమె దగ్గర సరైన జవాబు కూడా లేదు. ఆందోళనతో, దిగులుతో బాధపడే మనిషి. రెండో భాగంలో అద్దంలోంచి ఆమె ప్రతిబింబమే బయటికొచ్చి, నీవల్ల కాదు, ఇంటికి పొమ్మని వెంటపడుతుంది. మూడో భాగంలో ఒక పాడుబడ్డ హోటల్లో దయ్యంగా తిరుగుతున్న యజమాని కోసం ఆ హోటలంతా శుభ్రం చేసే పని నెత్తిన వేసుకుంటుంది. వద్దని చెప్పలేక. ఆ భాగం ఆడుతున్నప్పుడు నాకు చాలా నవ్వొచ్చింది. కొండ ఎక్కడానికి బయల్దేరిన ఆడమనిషి మధ్యలో ఎవరి ఇల్లో సర్దుతూ ఆగిపోవడం మనకు తెలియని కథ కాదు.

ఆమె చేయగలిగినవి నాలుగే. పరిగెత్తడం, గెంతడం, గోడను పట్టుకుని పాకడం, గాలిలో ఉండగా ఒకే ఒక్కసారి ఏదో ఒక దిక్కుకు విసురుగా దూసుకుపోవడం. నేల తాకితే ఆ విసురు మళ్ళీ వస్తుంది. ముల్లు తగిలితే చావు. ఒక సెకను కూడా గడవకుండా అదే తెర మొదట్లో మళ్ళీ నిలబడి ఉంటుంది.

మెరుగుపడటం అంటే ఏమిటో నాకు నలభై ఏళ్ళు దగ్గరపడుతుండగా కొత్తగా అర్థమైంది. పుస్తకాల మనుషులం కాబట్టి నేర్చుకోవడమంటే తెలుసుకోవడమని అనుకుంటాం. నాలుగో భాగంలో ఎదురుగాలి వీచే తెర ఒకటుంది. అక్కడ రెండొందల పన్నెండు సార్లు చచ్చాను. ఏం చేయాలో పదో చావుకే తెలిసింది. ఆ తర్వాతి రెండొందల రెండు చావులూ తెలిసి చచ్చినవే. కొన్నాళ్ళకు చావుల్లో రకాలు కనిపించసాగాయి. మొదట్లోవి ఎందుకు పడ్డామో తెలియని చావులు. తర్వాత, తెలుస్తుంది గాని చెయ్యి మాట వినదు. భయంతో మీట అవసరమైనదానికన్నా గట్టిగా, ఎక్కువసేపు నొక్కుతాం. ఇంకా తర్వాత చెయ్యి సరిగ్గానే చేస్తుంటుంది. ‘దాటేస్తున్నానే’ అన్న ఆలోచన మధ్యలో దూరి పడేస్తుంది. చివరికి విసుగొచ్చి పడుకుంటే, మర్నాడు పొద్దున మూడో ప్రయత్నంలో దాటేశాను. రాత్రి నిద్రలో ఎవరు సాధన చేశారో నాకు తెలియదు.

ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కానీ ఆ మర్నాడు నాకు ఏడుపొచ్చింది. నా శరీరం ఒక పనిని నేర్చుకోగలదని, నేర్చుకుందని, నేను గమనించక ఎన్నేళ్ళయిందో లెక్క వేసుకున్నాను. ఇరవై మూడేళ్ళయింది.

చిల్కానగర్ అప్పటికి ఇంత కిక్కిరిసి లేదు. మా సందులో మట్టిరోడ్డు. ఇటుకముక్కతో గడులు గీసి తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం. ఒంటికాలి మీద గెంతుతూ, గీత తొక్కకుండా, కుండపెంకు బిళ్ళను గడి నుంచి గడికి నెట్టుకుంటూ పోవాలి. మాలో నన్ను మించినవాళ్ళు లేరు. అదే రోజుల్లో మా వీధి చివర టీవీ వీడియోగేమ్ షాపు ఉండేది. గంటకింత అని తీసుకునేవాళ్ళు. తమ్ముడు వెళ్ళేవాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి చూసేదాన్ని. లోపల అందరూ మగపిల్లలే. ఎవరూ రావద్దనలేదు, రమ్మనీ అనలేదు. నాకు పన్నెండేళ్ళు వచ్చాక తొక్కుడుబిళ్ళ కూడా ఆగిపోయింది. పెద్దమనిషివయ్యావు, ఇంకా ఈ గెంతులేమిటన్నారు. నడక మారింది, కూర్చునే తీరు మారింది, చున్నీ వచ్చింది. మెట్లు రెండేసి ఎక్కడం మానేశాను. గెంతడమన్న క్రియే ఆడవాళ్ళ విషయంలో తిట్టుగా మారుతుందని మనం పెద్దగా పట్టించుకోం. ‘ఏమిటా గెంతులు’ అంటే సంతోషాన్ని అదుపులో పెట్టుకోమని అర్థం.

అమెరికన్ తత్వవేత్త ఐరిస్ మారియన్ యంగ్ 1980లో ఆడపిల్లలు బంతి విసిరే తీరు మీద ఒక వ్యాసం రాసింది. ఆడవాళ్ళు విసిరేటప్పుడు ఒళ్ళంతా వాడరని, చెయ్యి మాత్రమే వాడతారని, దానికి కారణం కండరాల్లో లేదని ఆమె వాదన. తన శరీరాన్ని పనిచేసే శక్తిగా కాక ఇతరులు చూసే వస్తువుగా అనుభవించడం నేర్చుకున్న మనిషి, ‘చేయగలను’ అన్న అడుగుతో పాటే ‘చేయలేను’ అన్న అడుగు కూడా వేస్తుందని అంటుంది. ఎం.ఏ.లో ఈ వ్యాసం చదివి పరీక్ష రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. అది నా బొటనవేలి గురించి కూడా అని తెలియలేదు. కంట్రోలర్ మీద నా వేలు ప్రతి గెంతునూ సగంలో వదిలేసేది. నొక్కిపట్టి ఉంచితే మనిషి ఎత్తుకు లేస్తుంది. నేను ఎప్పుడూ ముందే వదిలేసేదాన్ని. అమ్మ వెనక నుంచి చూసి, “దుంకుతున్నవా, బుగులుపడుతున్నవా?” అంది. యంగ్ వాదన మొత్తం ఆ మాటలో ఉంది.

అయినా సిగ్గు పోలేదు. ఒక నైతికమైన ప్రశ్న మిగిలే ఉంది. దేనికీ పనికిరాని ఒక నైపుణ్యం కోసం ఒక స్త్రీ ఇంత సమయం పెట్టడం సమంజసమేనా? సాధన చేసే ఆడవాళ్ళను మన సమాజం మెచ్చుకోదని నేననను. హైదరాబాద్ నుంచి పి.వి. సింధు 2016లో రియో నుంచి వెండి పతకం, 2021లో టోక్యో నుంచి కంచు పతకం తెస్తే వీధులన్నీ మురిసిపోయాయి. కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టరయింది. బిడ్డను కని, ఆట నుంచి విరామం తీసుకుని తిరిగొచ్చి 2019లో ఒకసారి, 2024లో మరోసారి ప్రపంచ ర్యాపిడ్ చాంపియనయింది. పతకం వస్తే సాధనకు గౌరవం వస్తుంది. వంటలో, కుట్టులో, సంగీతంలో నైపుణ్యమైతే ఇంటికి పనికొస్తుంది, పెళ్ళిచూపులకు పనికొస్తుంది. పతకమూ రాక, ఇంటికీ పనికిరాక, ఎవరూ చూడని గదిలో ఒక పని బాగా చేయడం కోసం మాత్రమే చేస్తే దాన్ని ఏమనాలి? మగవాడు చేస్తే హాబీ. తమ్ముడు రాత్రి రెండింటిదాకా ఆడేవాడు. “పోరడు ఆడుకుంటున్నడు” అనే మాటతో అది ముగిసేది.

ఆటంటే ఏమిటన్న ప్రశ్న మీద బెర్నార్డ్ సూట్స్ అనే తత్వవేత్త 1978లో ఒక పుస్తకం రాశాడు. అవసరం లేని అడ్డంకులను మనంతట మనమే ఒప్పుకుని దాటబోవడమే ఆట అని ఆయన నిర్వచనం సారాంశం. అది చదివినప్పుడు నాకు తట్టిన మొదటి మాట, స్త్రీల జీవితంలో అవసరం లేని అడ్డంకులకు కొదవ లేదు, ఒప్పుకోవడమన్నది లేదంతే, అని. మళ్ళీ మళ్ళీ పడి మళ్ళీ మళ్ళీ లేవడం మనకు కొత్త కాదు. దానికి మన భాషలో సహనం అని పేరు పెట్టి, భూదేవితో పోల్చి, బడి పుస్తకాల్లో పాఠాలు పెట్టారు. అలాంటప్పుడు ఈ ఆటలో నేను మురిసిపోతున్న పట్టుదల ఆ పాత సహనమే కొత్త బట్టలు కట్టుకొచ్చిందా? ఈ అనుమానం నన్ను కొన్ని వారాలు వదల్లేదు.

రెండూ ఒకటి కాదని ఇప్పుడనుకుంటున్నాను. సహనంలో పరిస్థితి మారదు, మనిషి అరిగిపోతుంది. సాధనలో ముల్లు ఉన్నచోటే ఉంటుంది, మనిషి మారుతుంది. నిన్న ఉన్నచోట ముల్లు ఇవాళ లేకపోతే, నేను ఎంత బాగా గెంతినా మధ్యలో ఎవరో నిబంధన మార్చేస్తే, నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. ఓర్చుకోవడమొక్కటే మిగులుతుంది. ఒకచోట శాశ్వత ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్ళాను. నా పరిశోధన గురించి రెండు ప్రశ్నలు, పెళ్ళెప్పుడని నాలుగు ప్రశ్నలు అడిగారు. దాని నుంచి నేను నేర్చుకోవాల్సింది ఏమిటి? మళ్ళీ వెళ్తే ఎక్కడ, ఎప్పుడు గెంతాలి?

ఇదంతా ఒక సాయంత్రం ఉత్సాహంగా అమ్మకు చెప్పాను. ఓడిపోవడానికి హక్కు కావాలమ్మా, ఆడవాళ్ళకు ఇప్పటిదాకా లేనిది అదే, ఈ ఆట నాకు అది ఇచ్చింది అని. అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. అంతా విని, “తొక్కుడుబిళ్ళల గూడ గంతే గద” అంది. “ఏ గడిల పడితే మల్ల నీ వంతొచ్చినప్పుడు ఆ గడికెళ్ళే షురువు జేస్తవ్. మొదటికెళ్ళి కాదు. ఆటల గట్లుంటది. బయట ఎవలిస్తరు బిడ్డా?”

నేను మాట్లాడలేకపోయాను.

అమ్మ భువనగిరి దగ్గరి ఊరి నుంచి పెళ్ళయి ఇక్కడికొచ్చింది. నాచారం పారిశ్రామికవాడలో ఒక మందుల ప్యాకింగ్ యూనిట్లో పద్దెనిమిదేళ్ళు పనిచేసింది. చిల్కానగర్ నుంచి రోజూ నడిచే వెళ్ళేది. గంటకిన్ని పెట్టెలని లెక్క. పెట్టెలో ఒక పట్టీ తక్కువ పడితే కూలి కోత. ఆమె చేతుల వేగం నాకు ఈ జన్మలో రాదు. ఇప్పటికీ చిక్కుడుకాయలు ఒలిచేటప్పుడు ఆమె వేళ్ళు చూపు అవసరం లేకుండా పోతుంటాయి. ఆ నైపుణ్యాన్ని ఎవరూ సాధన అనలేదు. పడితే లేపే ఏర్పాటు అక్కడ లేదు. ఒకసారి జ్వరమొచ్చి వారం వెళ్ళకపోతే, ఎనిమిదో రోజు ఆమె స్థానంలో ఇంకొకరున్నారు. మళ్ళీ కొత్త మనిషిగా, కొత్త మనిషి కూలికి చేరింది. మొదటి గడికి.

కొండ మీద ఒక్కో తెర మొదట్లో మనల్ని తిరిగి నిలబెట్టే చోటు ఉంటుంది. చావు ఖరీదు ఒక్క సెకను. అందుకే రెండొందల పన్నెండు సార్లు చావగలిగాను. తెర మొదటికి కాక కొండ అడుగుకు పంపి ఉంటే పదోసారి కంట్రోలర్ అల్మారాలో పెట్టేసేదాన్ని. అప్పుడు నాకు పట్టుదల లేదని అందరూ అనేవాళ్ళు, నేనూ అనుకునేదాన్ని. పట్టుదలను మనిషి గుణంగా చూడటం మనకు అలవాటు. విజేతల కథలన్నీ అలాగే చెబుతారు. సింధు తెల్లవారుజామున లేచి అకాడమీకి వెళ్ళిందన్న మాట పదేపదే చెప్పుకుంటాం. ఆమె తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులన్న సంగతి, ఓడి ఇంటికొచ్చిన పిల్లకు ఆ ఇల్లు ఏమై ఉంటుందన్న సంగతి ఒక వాక్యంలో దాటేస్తాం. ఆమె శ్రమను తక్కువ చేయడానికి ఇది అనడం లేదు. మళ్ళీ ప్రయత్నించే ధైర్యం పడటానికి ఎంత ఖరీదో దాన్ని బట్టి ఉంటుందని, ఆ ఖరీదు ఎవరో నిర్ణయించినదని అంటున్నాను.

మా ఇంట్లో ఆ ఖరీదు ఎలా ఉండేదో చూడండి. ఇంజనీరింగ్‌లో తమ్ముడికి ఏడు బ్యాక్‌లాగ్స్. ప్రతిసారీ ఫీజు కట్టారు, మళ్ళీ రాశాడు, పాసయ్యాడు. ఎవరూ పెద్దగా గుర్తుపెట్టుకోలేదు. ఇంటర్లో నేను ఒక్క సబ్జెక్టు తప్పినా పెళ్ళి చేసేస్తామని నాన్న ముందే చెప్పారు. నేను తప్పలేదు. ‘మా అమ్మాయి ఒక్కసారి కూడా ఫెయిలవ్వలేదు’ అని నాన్న బంధువులకు గర్వంగా చెప్పేవారు. అది ప్రశంసలాగే వినిపించేది. తెలియనిదాన్ని ముట్టుకోకపోవడం, రానిపని జోలికి పోకపోవడం నేను అక్కడే నేర్చుకున్నాను. నా సిద్ధాంత గ్రంథంలో సాహసం తక్కువని ఒక పరీక్షకుడు రాశాడు. నిజమే రాశాడు.

మాడీ థోర్సన్ 2020లో ఈ ఆటలోని కొన్ని రహస్యాలు బయటపెట్టింది. గట్టు అంచు దాటి అడుగు గాలిలో పడ్డాక కూడా, సెకనులో పదో వంతు సేపు, గెంతు మీట నొక్కితే ఆట ఒప్పుకుంటుంది. కాళ్ళకింద నేల లేదని తెలిసేదాకా గాలిలో పరిగెత్తే కార్టూన్ తోడేలు పేరుతో దీన్ని కొయోటీ టైమ్ అంటారు. తల గట్టు మూలకు తగలబోతే ఆట కొంచెం పక్కకు జరిపి దాటిస్తుంది. ఇలాంటి క్షమలు ఇంకా ఉన్నాయి. ఆడేవాళ్ళకు ఇవేవీ కనిపించవు. తామే సరిగ్గా గెంతామనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. సంగతి తెలిశాక మొదట కొంచెం చిన్నబుచ్చుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, బయట లోకం కూడా ఇలాగే నడుస్తోందని తోచింది. తేడా ఒకటే, ఎవరికిచ్చే క్షమ కనిపించదు, ఎవరికిచ్చేది కనిపిస్తుంది అన్నది.

యూజీసీ 2016 నిబంధనల్లో పిహెచ్‌డి చేసే స్త్రీలకు గడువు మీద రెండేళ్ళ వెసులుబాటు ఇచ్చింది. ప్రసూతికీ, పిల్లల పెంపకానికీ మొత్తం కాలంలో ఒకసారి 240 రోజుల వరకు సెలవు కూడా. నాన్నకు పక్షవాతం వచ్చి మంచాన ఉన్న రెండేళ్ళు నేను ఒక్క పేజీ రాయలేదు. ఆయన పోయాక ఆ వెసులుబాటుతోనే పని పూర్తిచేశాను. ‘మీకేం, ఆడవాళ్ళకు రెండేళ్ళు ఎక్కువ’ అని నవ్వుతూ అన్న తోటి పరిశోధకులున్నారు. వాళ్ళలో ఒకరికి రోజూ క్యారేజీ కట్టి, ఇద్దరు పిల్లల్ని చూసుకుని, రాత్రి ఆయన అధ్యాయాలు టైపు చేసిపెట్టిన భార్య ఉంది. అది ఆయన కొయోటీ టైమ్. ఏ నిబంధనల పుస్తకంలోనూ లేదు కాబట్టి దాన్ని ఆయన తన ప్రతిభ ఖాతాలో వేసుకున్నాడు. నాదేమో కాగితం మీద ఉంది కాబట్టి రాయితీ అయింది.

ఆటలో బహిరంగంగా ఇచ్చే సాయం కూడా ఉంది. దాన్ని అసిస్ట్ మోడ్ అంటారు. ఆట వేగం సగం దాకా తగ్గించుకోవచ్చు, గోడ పట్టుకునే ఓపిక తరగకుండా చేసుకోవచ్చు, అసలు చావే లేకుండా చేసుకోవచ్చు. ఆరో భాగంలో ఒకచోట నా చూపుడువేలు వాచిపోయింది. అయినా మూడు వారాలు ఆ మోడ్ ముట్టుకోలేదు. అది మోసమని నా నమ్మకం. మా ఉప్పల్ చౌరస్తాలో 2023లో స్కైవాక్ కట్టారు, లిఫ్టులూ ఎస్కలేటర్లూ పెట్టి. అంతకుముందు మెట్రో దిగి అవతలి బస్టాపుకు పోవాలంటే లారీల మధ్య, ఆటోల మధ్య, డివైడర్లు ఎక్కి దిగి పోవాల్సిందే. అదొక ప్లాట్‌ఫామ్ గేమ్. చావు మాత్రం ఒక్కసారే. మోకాళ్ళ నొప్పుల అమ్మ ఇప్పుడు లిఫ్టెక్కి దర్జాగా దాటుతుంది. రోడ్డు దాటడంలో అమ్మ మోసం చేసిందని ఎవరైనా అంటారా? మరి నా వేలి విషయంలో నాకెందుకు అలా అనిపించింది? కష్టపడి సంపాదించుకున్నదే నీది, సాయం తీసుకున్నది నీది కాదు అన్న సూత్రం ఆడవాళ్ళ విషయంలో ఎంత కఠినంగా అమలవుతుందంటే, అమలు చేయడానికి ఇంకొకరు అక్కర్లేదు. అద్దంలోంచి బయటికొచ్చి వెంటపడే ప్రతిబింబం చాలు. చివరికి వేగం పది శాతం తగ్గించి ఆ తెర దాటాను. వాపు తగ్గాక మళ్ళీ పూర్తి వేగంతో దాటాను. రెండు సంతోషాల మధ్య తేడా ఉంది. కానీ మొదటిది లేకపోతే రెండోదాని దాకా వెళ్ళేదాన్ని కాదు.

ఈ ఆటను నేను మరీ పొగుడుతున్నానేమో. కంట్రోలర్, లాప్‌టాప్, ఒక గంట ఖాళీ, తలుపు వేసుకోగల గది ఉన్నవాళ్ళకే ఈ సాధన. ఇవన్నీ నాకు ఆకాశం నుంచి రాలేదు. పద్దెనిమిదేళ్ళు అమ్మ కట్టిన పెట్టెల మీద నిలబడి ఉన్నాయి. ఇంటర్వ్యూలో పోయిన సాయంత్రం నేను తిరిగొచ్చి నిలబడిన చోటు ఈ చిల్కానగర్ ఇల్లే. నా గడి ఆమె. ఆమెకు గడి ఎవరూ లేరు. ఓడిపోయే హక్కు గురించి నేను చేసిన ఉపన్యాసంలో లేనిది ఇదే. హక్కు అని గొంతెత్తినంత మాత్రాన అది రాదు. ఒకరు పడ్డప్పుడు ఇంకొకరు ఎక్కడో నేలగా ఉండాలి. ఇప్పటిదాకా నేలగా ఉన్నది ఎక్కువగా ఆడవాళ్ళే. కాలేజీలో నా విద్యార్థినులు పేపరు తిరిగిచ్చినప్పుడు ముందు ఎర్రసిరా ఎక్కడుందో వెతుక్కుంటారు. గత సంవత్సరం నుంచి మొదటి వ్యాసానికి మార్కులు వేయడం మానేశాను. రెండోసారి, మూడోసారి రాసి ఇవ్వొచ్చు, చివరిదే లెక్క. పని మూడింతలయింది. గంటల లెక్కన జీతం కాబట్టి ఆ పనికి డబ్బు రాదు. ఇందులో నేను మళ్ళీ సహనంలోకి జారుతున్నానా అన్నది నాకింకా తేలలేదు.

ఆరో భాగంలో మాడెలిన్ తన ప్రతిబింబాన్ని వదిలించుకోబోయి కొండ అడుగుకు పడిపోతుంది. తర్వాత దానితోనే రాజీపడి, కలిసి ఎక్కుతుంది. ఏడో భాగంలో మొదటినుంచీ అవే చోట్లు మళ్ళీ వస్తాయి. ఇప్పుడు గాలిలో రెండుసార్లు దూసుకుపోగలదు. ఒకప్పుడు గంటలు పట్టిన చోట్లు నిమిషాల్లో దాటిపోతుంటే, కొండ మారలేదని, మారింది నేనేనని నా వేళ్ళకే తెలిసింది. పోయిన చలికాలంలో శిఖరం చేరాను. డైరీలో అంకె 5,318.

అమ్మను పిలిచి చూపించాను. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని ఆ అంకెను చాలాసేపు చూసింది. “నేను గూడ లెక్క రాసుకుంటే ఎంతయితుండెనో” అంది. తర్వాత కంట్రోలర్ చేతిలోకి తీసుకుంది. దుంకుడు ఎక్కడని అడిగింది. చూపించాను. మొదటి గోతిలోనే పడింది. మళ్ళీ లేచింది. “ఒకటి” అంది అమ్మ.